కుడి తుంటి కింద దుప్పటి

ఆ ఏడు ఐప్పసిలో, అంటే అరవవాళ్ళ వానల నెలలో, పుదుచ్చేరిలో వాన కురిసిందని ఎవరైనా చెబితే నమ్మకండి. వాన కాదది. సముద్రమే లేచి, చెప్పులు విడిచి, వీధి వీధికీ నడిచి వచ్చింది. మూడు రోజులు ఆగలేదు. కాలువకి పడమటి పక్క వీధిలో, పాతకాలం మేడలో నడిచే ఆ ప్రసూతి నర్సింగ్ హోం మెట్ల మీద కప్పలు వరసగా కూర్చుని, డాక్టరు పిలుపు కోసం చూస్తున్నట్టు గొంతులు సవరించుకునేవి.

మధ్యాహ్నం మూడు గంటలు. మత్తు డాక్టరు రామభద్రరావు పై వరండాలో కాఫీ తాగుతూ వానని చూస్తున్నాడు. అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం, ఆయనకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఊరు యానాం. ఉద్యోగానికని వచ్చి, ఈ ఊరి గాలికి అలవాటు పడి ఆగిపోయాడు. ఆయన గొప్పతనం గురించి తక్కువ చేసి చెప్పాలన్నా నోరు రాదు. యానాం నుంచి కడలూరు దాకా ఉన్న వెన్నుపూసలన్నీ ఆయన్ని గుర్తుపట్టి నమస్కారం పెట్టేవి. సూది వెన్నులోకి దిగిన సంగతి పేషెంటుకి మర్నాడు ఎవరైనా చెబితే తప్ప తెలిసేది కాదు.

అయితే ఆయన అసలు పేరు సంపాదించింది సూదితో కాదు. సూది తరవాత జరిగేదాన్ని జరగకుండా ఆపడంలో.

పొట్ట కోసి బిడ్డని తీసే ఆపరేషన్‌కి నడుములో మత్తు ఇస్తారు కదా. ఆ మందు పడగానే కాళ్ళలో రక్తనాళాలన్నీ ఒళ్ళు విరుచుకుని వదులైపోతాయి. రక్తం అక్కడే చేరి తీరిగ్గా కూర్చుంటుంది. పైగా తల్లిని వెల్లకిలా పడుకోబెడితే, నిండుగా ఉన్న గర్భం బరువంతా వెనక ఉన్న పెద్ద సిర మీద పడుతుంది. గుండెకి రక్తం తిరిగి రాదు. బీపీ దబ్బున పడిపోతుంది. ముందు ఆవులింత వస్తుంది. తరవాత ఓకరింత. ఆ తరవాతది రామభద్రరావు ఒకే ఒక్కసారి చూశాడు, చదువుకునే రోజుల్లో, వేరే ఊళ్ళో. ఆ అమ్మాయి ఆవులించి, నిద్ర వస్తోందని చెప్పి, నిజంగానే నిద్రపోయింది.

అప్పటి నుంచి ఆయనకి ఆవులింత అంటే పడదు. సినిమా హాల్లో పక్కవాడు ఆవులిస్తే లేచి వాడి నాడి పట్టుకునేవాడు.

అందుకే ఆయన పద్ధతి ఆయనకుండేది. సూదికి ముందే బాటిలున్నర సెలైన్ గబగబా ఎక్కించేవాడు. పడుకోబెట్టగానే కుడి తుంటి కింద చుట్టిన దుప్పటి తన చేతులతో దూర్చేవాడు. పొట్ట ఎడమకి ఒరుగుతుంది, సిర మీద బరువు తొలుగుతుంది. ఇక నిమిషానికోసారి బీపీ చూడటం, ఏ కాస్త దిగినా బీపీ లేపే ఇంజెక్షన్ ఇవ్వడం. ఈ పద్ధతిలో ఆయన కాపాడిన తల్లులందరూ ఒకేసారి కాఫీకి పిలిస్తే ఊళ్ళో పాలు చాలవు.

ఆ దుప్పటి చుట్టకి ఈ భూమ్మీద ఒకే ఒక్క శత్రువు ఉండేది. ఆయా చెంగమ్మ.

మురుంగపాక్కం మనిషి. ఫ్రెంచివాళ్ళ కాలం నుంచి, నలభై ఏళ్ళుగా పురుళ్ళు చూసింది. ఆవిడ స్నానం పోసిన బిడ్డల్ని వరసగా నిలబెడితే ఆ వరస విల్లుపురం స్టేషన్ దాకా పోయి, రైలెక్కి, ఇంకా మిగిలేది. ఆవిడ ఎటు పోయినా కాల్చిన వస కొమ్ము వాసన ముందు వచ్చేది, ఆవిడ తరవాత వచ్చేది. తెలుగు మాట్లాడేది గాని అందులో సగం అరవం. రామభద్రరావు దుప్పటి దూర్చినప్పుడల్లా నడుం మీద చేతులు పెట్టుకునేది.

"ఏంది అబ్బయ్యా ఇది? నిండు మనిషిని పడుకోబెట్టి పక్కకి పొర్లిస్తా ఉండావు? లేపి కూర్చోబెట్టి కదా తిప్పాల? పేగు బిడ్డ మెడకి చుట్టుకుంటే నువ్వొచ్చి విప్పుతావా?"

"చుట్టుకోదు చెంగమ్మక్కా. తల్లికి రక్తం ఆడాలంటే ఇలాగే ఉండాలి."

"నీ రక్తం యాడన్నా ఆడుకోనీ. నా బిడ్డకి ఊపిరాడాల."

ఆ నమ్మకం ఆవిడ ఒక్కదానిదే కాదు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా కడుపుతో ఉన్న పిల్ల పడుకుని ఇటు నుంచి అటు పొర్లితే ముసలివాళ్ళు లేచి అరిచేవారు. లేచి కూర్చోవాలి, అప్పుడు తిరగాలి. కాకపోతే మిగతావాళ్ళు అరిచి ఊరుకునేవారు. చెంగమ్మ ఊరుకునేది కాదు. డాక్టరు అటు తిరిగాడంటే చాలు, మెల్లిగా దుప్పటి లాగేసేది. లాగి, నాలుగు మడతలు పెట్టి, మూలలు లోపలికి దోపి, స్టూలు మీద పెట్టేది. ఆయన మళ్ళీ దూర్చేవాడు. అయిదేళ్ళు ఆ గదిలో అదే వినోదం.

ఆ సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక అమ్మాయి బీపీ అరవైకి పడింది. చూస్తే స్టూలు మీద దుప్పటి, నాలుగు మడతలు. రామభద్రరావు మూడు ఇంజెక్షన్లు పొడిచి, కాళ్ళు పైకెత్తించి, యముడితో ముష్టియుద్ధం చేసి తల్లినీ బిడ్డనీ లాక్కొచ్చాడు. వచ్చాక, అందరి ముందూ, చెంగమ్మ వైపు తిరిగాడు.

"ఇద్దర్నీ చంపేదానివి ఇవాళ. నలభై ఏళ్ళు పురుళ్ళు చూశానంటావ్, ఎంతమందిని ఇలా పంపించావో ఎవరికి తెలుసు? ఇంక ఈ గదిలో కాలు పెట్టొద్దు."

చెంగమ్మ తమలపాకుల సంచి తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, జ్వరం వచ్చి చనిపోయిందని కబురొచ్చింది. ఆఖరి చూపుకి నర్సింగ్ హోం మొత్తం వెళ్ళింది. రామభద్రరావు మాత్రం కేసులున్నాయన్నాడు.

ఆ రోజు ఒక్క కేసు కూడా లేదు.

కాఫీ గ్లాసు కింద పెట్టేసరికి కింద కారు హారన్ మోగింది.

ఏంబలం నుంచి టాక్సీ. చక్రాల పైదాకా నీళ్ళలో ఈదుకుంటూ వచ్చింది. చెంగల్రాయన్ అనే రైతు తన భార్యని రెండు చేతుల మీద మోసుకుని దిగాడు. ఆమె పేరు తాయారు, ఇరవై ఆరేళ్ళు. ఇద్దరు బిడ్డలు ఇంట్లోనే పుట్టి, ఏడవకుండానే పోయారు. ఇది మూడోది. నొప్పులు మొదలై రాత్రీ పగలూ గడిచాయి. లేడీ డాక్టరు పంకజం పొట్ట మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం చూసింది. ఈవిడ ఈ ఊళ్ళో నాలుగు తరాలుగా ఉన్న తెలుగు కోమట్ల ఇంటి మనిషి. నోరు ఎంత పదునో కత్తి అంతకన్నా పదును.

"బిడ్డ అడ్డం తిరిగి ఉంది. కొయ్యాల్సిందే, ఇప్పుడే. ఏమన్నా తిన్నావా అమ్మాయ్?"

"వచ్చేముందు పెరుగన్నం తిన్నా," అంది తాయారు.

"సరిపోయింది. రావ్, పూర్తి మత్తు కుదరదు. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోద్ది. నీ నడుం సూదే గతి."

రామభద్రరావు మీసం దువ్వుకున్నాడు. సిస్టర్ నాగకుమారి సెలైన్ తగిలించింది. ఈ పిల్లదీ యానామే. మాటకి ముందొక అండీ, వెనకొక అండీ. గాజు సీసాలోకి గాలి బుడగలు వెళుతున్నాయి. బుడుక్... బుడుక్... బుడుక్...

తాయారు ఆయన కోటు చెంగు పట్టుకుంది.

"డాక్టరయ్యా, ఒక మాట. ఇద్దరిలో ఒకరే మిగిలేట్టయితే బిడ్డని చూడండి అని మా అత్త చెప్పి పంపింది. నేనట్ట చెప్పను. నేనూ బతకాల."

"బతుకుతావమ్మా. ఎందుకా మాటలు?"

"మా అమ్మ నన్ను కని పోయింది. నేను ఊరందరి ఇళ్ళలో గిన్నెలు తోమి పెరిగినా. నా బిడ్డకి ఆ బతుకొద్దు. నేనే పెట్టాల దానికి అన్నం."

"విను తాయారూ. నా టేబుల్ మీంచి ఇంతవరకూ ఒక్కరు కూడా కిందకి జారలేదు, పైకీ పోలేదు. యముడు ఈ వీధిలోకి వస్తే నా పేరు విని కాలువ దగ్గరే ఆగిపోతాడు."

తాయారు నవ్వింది. అప్పుడే కరెంటు పోయింది.

ఆపరేషన్ గది కిటికీలకి ఆకుపచ్చ రంగు పూసి ఉండేది. ఎండ రోజుల్లోనే ఆ గదిలో వెలుగు చెరువు అడుగున ఉన్నట్టుండేది. ఇప్పుడు ఆ చెరువులో సాయంత్రం కూడా అయిపోయింది. వాచ్‌మన్ కారు బ్యాటరీ తెచ్చి, దానికి ఒక బల్బు తగిలించి, టేబుల్ మీదుగా వేలాడదీశాడు. పచ్చటి వెలుగు, పళ్ళెమంత. అది దాటితే ఏమీ కనబడదు. సున్నం గోడలు చెమ్మకి ఉబ్బి, పాత గుడ్డల వాసన వేస్తున్నాయి. దాని మీద స్పిరిట్ వాసన, డెట్టాల్ వాసన. పైన డాబా మీద వాన. ఆ వానలో ఎక్కడో తలుపు చెక్క కొట్టుకుంటున్న చప్పుడు.

తాయారుని కూర్చోబెట్టి ముందుకి వంచారు. ఆ గుడ్డి వెలుగులో రామభద్రరావు సూది ఒకే ఒక్క పోటులో లోపలికి పోయింది. ఇంకొకడైతే దీపావళి దాకా వెతికేవాడు. మందు ఎక్కించి, పడుకోబెట్టి, దుప్పటిని గట్టిగా చుట్టి, కుడి తుంటి కింద దూర్చాడు. పొట్ట ఎడమకి ఒరిగింది. బీపీ పాదరసం చూశాడు. నూట ఇరవై. నిమిషం ఆగి మళ్ళీ చూశాడు. నూట పద్దెనిమిది.

"మన మందు మన మాట వింటోంది," అన్నాడు గర్వంగా.

తాయారు ఆవులించింది.

రామభద్రరావు గబగబా గాలి కొట్టి చెవిలో స్టెత్ పెట్టుకున్నాడు. ఎనభై నాలుగు.

ఆమె మీద కప్పిన గుడ్డ అంచు ఎత్తి చూశాడు. కుడి తుంటి కింద ఏమీ లేదు. మనిషి చాపలా వెల్లకిలా పడుకుని ఉంది.

స్టూలు మీద... దుప్పటి. నాలుగు మడతలు. మూలలు లోపలికి.

"నాగకుమారీ," గొంతు తగ్గించాడు. "ఎందుకు తీశావ్?"

"నేను తియ్యలేదండీ. ట్రే దగ్గరే ఉన్నానండీ."

"మరి మడత ఎవరు పెట్టారు?"

నాగకుమారి ఆ మూలలు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

చేతులు కడుక్కుని గ్లవ్స్ తొడుక్కుంటున్న పంకజం అటు నుంచి అరిచింది. "ఏంది రావ్, గుసగుసలు? పెళ్ళిచూపులా?"

"ఏం లేదు మేడమ్. రెండు నిమిషాలు."

ఇంజెక్షన్ ఇచ్చాడు. దుప్పటి మడతలు విప్పి మళ్ళీ చుట్టాడు. అప్పుడు తగిలింది వాసన. సన్నగా, ఘాటుగా, డెట్టాల్‌ని పక్కకి నెట్టుకుంటూ. కాల్చిన వస కొమ్ము.

ఆయన వెనక్కి చూడలేదు. చుట్టని దూర్చి, తన నడుము దానికి ఆనించి నిలబడ్డాడు. నూట నాలుగు. నూట ఆరు. పంకజం వచ్చి పొట్ట మీద అయోడిన్ రాసింది, ఆకుపచ్చ గుడ్డలు కప్పింది. వాన ఒక్కసారి పెద్దదైంది. బల్బు ఊగింది.

ఈసారి ఆయన చూస్తూ ఉండగానే జరిగింది.

నడుముకి ఆనిన దుప్పటి కదిలింది. గబుక్కున కాదు. నిద్రపోతున్న పసిబిడ్డ తల కింద నుంచి చెయ్యి తీసుకుంటారే... లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి, వేలు వేలుగా... అలా. అంత జాగ్రత్తగా. అంత ప్రేమగా. బయటికి జారిపోయింది. గుడ్డ చీకట్లోకి పోయింది. చీకట్లో మడత పెడుతున్న చప్పుడు. ఒకటి... రెండు...

తాయారు పెదవులు తెల్లబడ్డాయి.

"డాక్టరయ్యా... ఈ అవ్వ ఎవరు?"

"ఏ అవ్వ?"

"పొట్ట నిమురుతా ఉంది. చెయ్యి చల్లగా ఉంది..."

రామభద్రరావు ఆమె పొట్ట వైపు చూశాడు. ఆ మందు పడ్డాక రొమ్ము కింద నుంచి కాళ్ళ దాకా స్పర్శ ఉండదు. కత్తి పెట్టినా తెలియదు. మరి ఆ చల్లదనం ఈమెకి ఎక్కడ తగిలింది?

"యాభై ఎనిమిదండీ," అంది నాగకుమారి. బీపీ గొట్టం ఎప్పుడు ఆమె చేతికి వెళ్ళిందో ఆయనకి తెలియదు. సీసా వంక చూశాడు. బుడగలు ఆగిపోయాయి. నీళ్ళు సగంలో నిలబడి ఉన్నాయి, ఎవరో మాట చెబితే విన్నట్టు.

"నిద్దరొస్తా ఉంది అయ్యా..."

"వద్దు! తాయారూ, నా వంక చూడు. మాట్లాడు. బిడ్డకి ఏం పేరు పెడతావ్? చెప్పు!"

ఇంకో ఇంజెక్షన్ గొట్టంలోకి తోశాడు. దుప్పటి కోసం వెతకలేదు. గుడ్డల కింద నుంచి రెండు చేతులూ దూర్చి, పొట్టకి కుడి పక్కన అరచేతులు ఆనించి, బలమంతా పెట్టి ఎడమకి నెట్టాడు. దుప్పటి చేసే పని మనిషి చెయ్యి కూడా చెయ్యగలదు. గర్భం కదిలింది. ఒక అంగుళం. రెండు...

ఆగిపోయింది.

అవతలి నుంచి ఎవరో నెడుతున్నారు.

ఒక్కడు ఆపలేని ఎద్దుబండిని వీపుతో ఆపిన మనిషి రామభద్రరావు, యానాంలో అందరికీ తెలుసు. ఆ మనిషి ఇంకో అంగుళం నెట్టలేకపోయాడు. అవతలి బలం పెద్దది కాదు. కానీ తెలివైనది. ఎక్కడ పట్టుకోవాలో దానికి తెలుసు. ఎముకల్లాంటి వేళ్ళు, ఒక్కోటిగా... తన వేళ్ళకి ఎదురుగా వచ్చి ఆగాయి. మధ్యలో పొట్ట. ఆ పొట్టలో బిడ్డ, రెండు జతల చేతుల మధ్య, అటూ ఇటూ కాకుండా.

"రావ్." పంకజం కత్తి పైకెత్తి పట్టుకుంది. ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. "ఆ పక్క ఎవరుండారు?"

"కొయ్యకండి మేడమ్. ఒక్క క్షణం."

"క్షణాలు లేవు."

"యాభై రెండండీ..."

రామభద్రరావు వంగాడు. పొట్ట మీదికి ముఖం వంచి, ఇంతవరకూ ఎవరితోనూ మాట్లాడని గొంతుతో మాట్లాడాడు.

"చెంగమ్మక్కా."

వేళ్ళు కదలలేదు.

"తప్పు నాది. అంతమంది ముందు అనకూడని మాట అన్నాను. నీ శవం దగ్గరికి కూడా రాలేదు. వదిలెయ్ అక్కా."

వేళ్ళు ఇంకాస్త బిగిశాయి. క్షమాపణ కోసం రాలేదు ఆవిడ.

"నలభై అండీ... డాక్టరు గారండీ... నాడి అందట్లేదండీ..."

తాయారు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ కళ్ళు ఆయనకి తెలుసు. చదువుకునే రోజుల్లో చూసిన కళ్ళు. గిన్నెలు తోమి పెరిగిన పిల్ల. నేనూ బతకాల అని నోరు తెరిచి అడిగిన పిల్ల. రామభద్రరావు జీవితంలో మొదటిసారి, ఏం చెబుతున్నాడో ఆలోచించకుండా చెప్పాడు.

"పేగు కోసమే కదా నీ భయం. చుట్టుకుంటే విప్పాలి, అంతే కదా. నీకిప్పుడు బతికున్న చెయ్యి లేదు అక్కా. నా చేత్తో విప్పుకో. నా చెయ్యి నీదనుకో. ఆమెని వదిలెయ్."

తలుపు చెక్క చప్పుడు ఆగింది. వాన కూడా ఆగినట్టే అనిపించింది.

అవతలి వేళ్ళు సడలాయి. ఒకటి... రెండు... పొట్ట మీదుగా పాకుతూ వచ్చి, ఆయన ఎడమ చేతి మీద వాలాయి. చల్లగా. తడిగా. అక్కడ... ఆగాయి. తరవాత ఆ చల్లదనం పోయింది. ఎటు పోయిందో ఆయన చూడలేదు.

గర్భం ఎడమకి ఒరిగిపోయింది. సీసాలో బుడుక్ మంది.

"కొయ్యండి మేడమ్!"

పంకజం కత్తి మెరుపులా కదిలింది. ఆ వేగం చూస్తే మెరుపు సిగ్గుపడి ఆ సాయంత్రం ఇంక మెరవలేదు. నాగకుమారి గాలి కొడుతోంది. "అరవై అండీ... డెబ్భై రెండండీ... ఎనభై ఎనిమిదండీ!" రెండు కాళ్ళు బయటికొచ్చాయి. నడుము. భుజాలు. తల రాలేదు.

"పేగు," అంది పంకజం పళ్ళ బిగువున. "మెడకి రెండు చుట్లు. ఇంత బిగుసుకుందేంది... జారిపోతా ఉంది... క్లాంప్ ఇవ్వు, క్లాంప్!"

బల్బు గుప్పున తగ్గింది. ఆ మసక వెలుగులో పంకజం చేతుల మధ్యలోకి ఇంకో చెయ్యి వచ్చింది. గ్లవ్ లేని చెయ్యి. వేళ్ళు ఒక వంపు తిరిగి, బిడ్డ మెడ వెనకగా లూప్ కిందికి దూరి, ఒకసారి ఎత్తి, తల మీదుగా తప్పించాయి. ఇంకోసారి. రెండు చుట్లు, రెండు రెప్పపాట్లు. పూల దండ తీసినట్టు.

రామభద్రరావు తన ఎడమ చేతిని చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఇన్నేళ్ళలో తల్లుల్ని చూశాడు గాని, ఒక్క బిడ్డని కూడా ముట్టుకోలేదు.

బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. ఆ ఏడుపుకి మేడ కింద ఉన్న చెంగల్రాయన్ కూడా ఏడ్చాడు, టాక్సీ డ్రైవరు కూడా ఏడ్చాడు, కప్పలు నోళ్ళు మూసుకున్నాయి.

"నూట పన్నెండండీ," అంది నాగకుమారి, కళ్ళు తుడుచుకుంటూ.

కుట్లు వేస్తూ పంకజం తలెత్తకుండా అడిగింది. "చేతులు కడుక్కోకుండా నా కేసులో చెయ్యి పెట్టావు. దానికి నిన్ను తర్వాత తిడతా. ముందు ఇది చెప్పు. యాడ నేర్చుకున్నావు అది?"

రామభద్రరావు, మాటకి పది మాటలు తిరిగిచ్చే మనిషి, ఎడమ చేతి నెత్తురు గుడ్డతో తుడుచుకుంటూ పాదరసం వైపు తిరిగాడు.

తాయారుకి వారం రోజులు యాంటీబయాటిక్స్ పడ్డాయి. జ్వరం రాలేదు. తొమ్మిదో రోజు ఎండ కాసింది. బిడ్డని ఎవరికీ ఇవ్వకుండా తనే ఎత్తుకుని, మెట్లు తనే దిగి, టాక్సీ ఎక్కింది. ఎక్కేముందు వరండాలో ఉన్న రామభద్రరావు వంక చూసి, బిడ్డ చిన్న చెయ్యి పట్టుకుని ఊపించింది. ఆయన కుడి చెయ్యి ఎత్తి ఊపాడు. ఎడమ చెయ్యి జేబులో ఉంది. ఈ మధ్య అది కాస్త బరువుగా ఉంటోంది, నిద్రలో నలిగిందేమో అనుకున్నాడు.

మరో నాలుగు రోజులకి, పొద్దున్న పది గంటలకి, ఇంకో సిజేరియన్. కరెంటు ఉంది. కిటికీల మీద ఎండ పడి గదంతా లేత ఆకుపచ్చగా వెలుగుతోంది. అమ్మాయిది మొదటి కాన్పు, భయం తప్ప ఇంకే ఇబ్బందీ లేదు. రామభద్రరావు ఎవరినీ నమ్మదలచుకోలేదు. కుడి తుంటి కింద దుప్పటి చుట్ట పెట్టి, దాన్ని బ్యాండేజీ గుడ్డతో టేబుల్ కమ్మీకి కట్టేశాడు. నాలుగు ముడులు. ఓడని కట్టినా ఆగుతుంది.

నూట ఇరవై నాలుగు. నూట ఇరవై. నూట ఇరవై. వస వాసన లేదు. స్టూలు ఖాళీగా ఉంది. ఆయన కుడి చేత్తో గాలి కొడుతూ, పాదరసం మీంచి చూపు తిప్పకుండా, అమ్మాయికి యానాం ఎద్దుబండి కథ మొదలెట్టాడు. అమ్మాయి నవ్వింది. పంకజం కత్తి అందుకుంది. అంతా బాగుంది.

అమ్మాయి ఆవులించింది.

"డాక్టరు గారండీ..." నాగకుమారి గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చింది. ఆమె కింద ఎక్కడికో చూస్తోంది. "మీ ఎడమ చెయ్యండీ..."

ఆయన తల దించాడు.

నాలుగు ముడులూ విప్పి ఉన్నాయి. ఆయన ఎడమ చెయ్యి అమ్మాయి తుంటి కింద ఉంది. దుప్పటిని మెల్లిగా, వేలు వేలుగా, నిద్రపోతున్న బిడ్డకి తెలియనంత జాగ్రత్తగా లాగుతోంది.

ఆపమన్నాడు. ఆగలేదు. ఆ చేతిలో ఏమీ తెలియడం లేదు. దుప్పటి గరుకు లేదు, వెచ్చదనం లేదు. గాలి బుడ్డి వదిలేసి, కుడి చేత్తో ఆ మణికట్టుని బిగించి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ ఆయన వేళ్ళు వాటంతట అవే నాడి మీదికి పోయాయి.

లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

ఇంకాస్త నొక్కాడు. ఇంకాస్త... పది సెకన్లు... ఇరవై...

చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది.